మీరా ముఖర్జీ గురించి తెలిసినవాళ్లు చెప్పండి: కంచు మీద ఆ జంతికల గీతలు ఎలా వస్తాయి?

పొన్నచెట్టు | ఆదివారం, సాయంత్రం 6:12

పోయిన నెల మేనకోడలి పెళ్లికి ఢిల్లీ వెళ్లాం. ఒక రాత్రి విందు ఐటీసీ మౌర్య హోటల్లో. అందరూ ఫొటోలలో మునిగిపోయి ఉంటే నేనూ మా అక్కయ్యా కాళ్లు సాగుతాయని కాసేపు బయట తిరిగాం. అక్కడ నా పొడవుకు రెండింతలున్న కంచు విగ్రహం. అది అశోకుడని తర్వాత తెలిసింది లెండి. ముందు మాత్రం ఇద్దరం నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాం.

ఎత్తు సరే, అసలు వింత దాని ఒళ్లు. దగ్గరికి వెళితే అంతటా గీతలే. ఉలితో గీస్తే లోపలికి దిగాలి కదా, ఇవి పైకి ఉబికి ఉన్నాయి. మా అక్కయ్య "జంతికల గొట్టంతో వత్తి పరిచినట్టుందే" అంది. నవ్వాను గాని అంతకంటే సరైన మాట నాకూ తోచలేదు.

అక్కడి ఉద్యోగిని అడిగితే వివరం చెప్పాడు. చేసింది మీరా ముఖర్జీ, పేరు 'కళింగలో అశోకుడు', 1972 నాటిది. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి ఇంత లోహాన్ని ఎలా కరిగించింది? ఎక్కడ నేర్చుకుంది? ఆ గీతల సంగతి ఏమిటి? తెలుగులో వెతికితే నాలుగు వాక్యాలకు మించి దొరకలేదు. ఇక్కడ ఎవరికైనా తెలిసి ఉంటుందని అడుగుతున్నాను.

ప్రవాసి | ఆదివారం, రాత్రి 8:40

నాకు తెలుసు ఈమె! 2019లో న్యూయార్క్‌లో మెట్ బ్రాయర్ మ్యూజియంలో పెద్ద ప్రదర్శన జరిగితే పిల్లలను తీసుకుని వెళ్లాను. జనపనార తాళ్లకు రంగులు అద్ది, ముడి మీద ముడి వేసి, మనిషి కంటే ఎత్తైన రూపాలు. దేవతలా, చెట్లా, పువ్వులా అని తేల్చుకోలేం. మా చిన్నవాడు ఒకదాని వెనక దాక్కోబోతే కాపలాదారు పరుగెత్తుకు వచ్చాడు. కంచు పనులు కూడా కొన్ని ఉన్నట్టు గుర్తు. ఆవిడే అయి ఉంటుంది.

తుంగభద్ర | ఆదివారం, రాత్రి 9:05

ప్రవాసి గారూ, మీరు చూసినది మృణాళినీ ముఖర్జీని. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒక్కటే కాదు, చుట్టరికమూ లేదు. మృణాళిని (1949–2015) శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ కూతురు. తల్లి లీలా ముఖర్జీ కూడా శిల్పే, నేపాలీ శిల్పి కులసుందర్ శిలాకర్మి దగ్గర కొయ్య చెక్కడం నేర్చుకున్నారు. మీరా ముఖర్జీ వీళ్లకంటే వేరు. ఈ పొరపాటు కళాశాలల్లో పరీక్ష పత్రాల్లోనే దొర్లుతుంది, మీరు బాధపడనక్కర్లేదు.

మీరా గారి గురించి రేపు తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు దిద్దాల్సిన పత్రాలు ఉన్నాయి.

మునగకాడ | ఆదివారం, రాత్రి 9:11

ముగ్గురు ముఖర్జీలూ శిల్పులే, ముగ్గురూ ఆడవాళ్లే. మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లూ నన్ను చెక్కుతున్నారు, అదీ శిల్పం కిందకు వస్తుందా?

నిదానం (నిర్వాహకుడు) | ఆదివారం, రాత్రి 9:30

మునగకాడ గారూ, వారానికి ఒకటి చాలు.

తుంగభద్ర | సోమవారం, రాత్రి 7:50

మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది.

మీరా ముఖర్జీ 1923లో కలకత్తాలో పుట్టారు. అదే ఏడాది పుట్టిన మరో శిల్పి పీలూ పోచ్‌ఖానావాలా. ఆమె బొంబాయి పార్సీ, పాత ఇనుప తుక్కుతో శిల్పాలు చేశారు. స్వతంత్ర భారతంలో లోహం పట్టిన ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఏడాది పుట్టారని నాకెందుకో భలే ఇష్టం. పాఠంలో దీనికి మార్కులు రావు, ఊరికే చెప్పాను.

పద్నాలుగేళ్లకు మీరా ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్‌లో చేరారు. అవనీంద్రనాథ్ ఠాగూర్ మొదలుపెట్టిన బాట అది. 1941లో పెళ్లయింది, అక్కడి చదువు ఆగింది. ఆ కాపురం ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత ఢిల్లీ పాలిటెక్నిక్‌లో చిత్రలేఖనం, గ్రాఫిక్స్, శిల్పం మూడూ చదివి డిప్లొమా పుచ్చుకున్నారు. శాంతినికేతన్‌కు వచ్చిన ఇండోనేషియా చిత్రకారుడు అఫాండి దగ్గర కొంతకాలం సహాయకురాలిగా పనిచేశారు. 1953లో మ్యూనిక్ వెళ్లారు. చిత్రకారిణిగా వెళ్లి శిల్పంలోకి మళ్లిందీ అక్కడే. టోనీ స్టాడ్లర్, హైన్రిచ్ కిర్చ్‌నర్ ఆమె గురువులు.

ఇంతవరకు ఆ తరం వాళ్లలో చాలామంది కథ ఇలాగే ఉంటుంది. విదేశం వెళ్లి వస్తారు, పెద్ద నగరంలో స్టూడియో పెడతారు, అక్కడ నేర్చిన పద్ధతిలో పని చేస్తారు. మీరా తిరిగి వచ్చాక కర్సియాంగ్‌లో డౌహిల్ బాలికల బడిలో, ఆపైన కలకత్తాలో ఇంకో బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పారు. తర్వాత మలుపు తిరిగింది. 1961లో ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పరిశోధనకు కుదిరారు. అప్పుడు దానికి డైరెక్టరు నిర్మల్ కుమార్ బోస్, నోఆఖాలీ రోజుల్లో గాంధీజీ వెంట ఉన్న మనిషి. దేశంలో లోహం పోత పోసే వృత్తులవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారు, ఎలా పనిచేస్తారు, ఏం తింటారు, ఏ దేవుణ్ణి కొలుస్తారు, ఇవన్నీ తిరిగి రాయడం ఆమె పని.

అలా బస్తర్ వెళ్లారు. అక్కడ లోహం పోత పోసే ఘడ్వాల దగ్గర కూర్చుని మైనం పని నేర్చుకున్నారు. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి, జర్మనీ చదువు ఉంది, సొంత ప్రదర్శనలు జరిగాయి. అయినా మొదటి తరగతి నుంచి మొదలుపెట్టారు. ఆ తిరుగుళ్ల ఫలితంగా 1978లో భారతదేశపు లోహపు పనివాళ్ల మీద ఆమె రాసిన పెద్ద గ్రంథం వచ్చింది. 1994లో విశ్వకర్మను వెతుక్కుంటూ సాగిన ప్రయాణాల పుస్తకం వచ్చింది.

మీ అశోకుడు ఆ చదువు అయ్యాక పుట్టినవాడు. పదకొండు అడుగుల పైచిలుకు ఎత్తు, ముక్కలుగా పోసి అతికినది. గీతల సంగతి మాత్రం నాకంటే కంచరివీధి గారు బాగా చెబుతారు. ఎక్కడ ఉన్నారు, పిలవండి.

కంచరివీధి | సోమవారం, రాత్రి 10:20

పిలిచారు కాబట్టి వచ్చాను. పొన్నచెట్టు గారూ, మీ అక్కయ్యగారికి నా నమస్కారం చెప్పండి. ఆమె అన్నది అక్షరాలా నిజం. అది జంతికల పనే.

మాది కంచరి ఇల్లు. తాతగారి దాకా బిందెలు, గంగాళాలు, గుడి గంటలు. నాన్న కాలానికి స్టీలు వచ్చింది, కొలిమి ఆరింది. నేను బ్యాంకులో లెక్కలు చూసుకుని విశ్రాంతి తీసుకుంటున్నాను. అయినా మంట వాసన వస్తే తల అటు తిరుగుతుంది. అందుకే ఒకసారి ఆ బస్తర్ ఘడ్వాల ఊరు కొండగావ్ వెళ్లి నాలుగు రోజులు వాళ్ల వాకిట్లో కూర్చుని చూసి వచ్చాను.

మొదట మట్టిలో ఊక కలిపి బొమ్మ గుజ్జు చేస్తారు. గుజ్జు అంటే లోపలి ముద్ద, దాదాపు బొమ్మ ఆకారమే, కాస్త చిన్నది. ఎండాక నునుపు చేస్తారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి కాచి, చిల్లులున్న గొట్టంలో పెట్టి వత్తితే సన్నని తీగలు వస్తాయి. ఇదే మీ జంతికల గొట్టం. ఆ తీగలను గుజ్జు చుట్టూ పక్కపక్కనే చుట్టుకుంటూ పోతారు. కళ్లు, ముక్కు, గాజులు, జుట్టు ముడి అన్నీ మైనపు తీగలతోనే. ఎంత మందంగా మైనం పరిస్తే లోహం అంత మందంగా వస్తుంది.

దాని మీద మెత్తటి మట్టి పూత. వేలిముద్ర పడినా ఆ ముద్ర రేపు ఇత్తడిలో కనబడుతుంది, అంత మెత్తన. ఆపైన పుట్టమన్ను, ఊక కలిపిన ముతక పూతలు. ఒక దారి వదిలి, ఆ దారికి మట్టి గిన్నె అతికించి, అందులో ఇత్తడి ముక్కలు వేసి అదీ మూసేస్తారు. ఇక అది ఒక్క మట్టి ముద్ద. గిన్నె భాగం కిందికి ఉండేట్టు కొలిమిలో పెడతారు. మైనం కరిగి మట్టిలోకి ఇంకి కాలిపోతుంది, అక్కడ ఖాళీ మిగులుతుంది. మంటలో ఆకుపచ్చ ఛాయ కనిపించిందా, లోహం కరిగినట్టు. అప్పుడు పట్టకారుతో తీసి తలకిందులు చేస్తారు. లోహం మైనం వదిలిన దారుల్లోకి దిగుతుంది. చల్లారాక మట్టి పగలగొడతారు.

మా ఇంట్లో మూసలో లోహం వేరుగా కరిగించి అచ్చులో పోసేవాళ్లు. వాళ్లది మూసా అచ్చూ ఒకే ఒంటిది. నేను మొదటిసారి చూసినప్పుడు ఇంత సులువా అనుకున్నాను. రెండో రోజు ఒక ముద్ద పగిలి కరిగిన ఇత్తడంతా బూడిదలో పారినప్పుడు ఆ మాట వెనక్కు తీసుకున్నాను.

తూకం మాట ఒకటి. మైనం నీటి కంటే కాస్త తేలిక, ఇత్తడి నీటికి ఎనిమిదిన్నర రెట్లు బరువు. అందుకని కిలో మైనానికి సుమారు తొమ్మిది కిలోల ఇత్తడి పడుతుంది, దారిలో మిగిలేదానికి వేరే. తాత నోటిలెక్క కూడా ఇదే.

ఇప్పుడు అశోకుడి దగ్గరికి వస్తే, ఆ ఎత్తు విగ్రహాన్ని ఒక్క పోతలో ఇలా పోయలేరు. లోహం కొసకు చేరేలోపే చల్లారి గడ్డకడుతుంది. లోపలి గాలి బయటికి పోలేక చిల్లులు పడతాయి. అందుకే ముక్కలు. ఒక్కో ముక్కకూ ఇదే తతంగం. ఏ ఒక్కటి చెడినా దాని మైనం ఎప్పుడో కాలిపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ తీగ చుట్టడం దగ్గర నుంచి రావాల్సిందే.

తుంగభద్ర | సోమవారం, రాత్రి 10:48

ఎంత బాగా చెప్పారు! ఒక చిన్న చేర్పు. ఈ పోతకు సంస్కృతంలో 'మధూచ్ఛిష్ట విధానం' అని పేరు. తేనె తీసుకోగా మిగిలిన ఎంగిలి మధూచ్ఛిష్టం, అంటే మైనం. 12వ శతాబ్దపు కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసంలో ఈ పద్ధతి ఉంది. మైనాన్ని తూచి లోహం ఎన్ని రెట్లు కావాలో లెక్క కట్టమని అక్కడా చెప్పారు. మీ తాతగారి లెక్క చాలా పాతది.

ఘడ్వాల పనికీ మీరా పనికీ తేడా కూడా ఒకటి ఉంది. ఆమె రూపాన్ని ముందు మైనంలోనే తీర్చేవారు. దాని పైన పట్టీలు, తీగలు అతికి ఒళ్లు నింపేవారు. అందువల్ల ఆమె గీతలు బొమ్మను చుట్టి ఊరుకోవు, కదులుతాయి. ఆమె హిందుస్తానీ సంగీతం నేర్చుకున్నారు. ఆమె చేసిన బౌల్ గాయకుల (బెంగాల్‌లో ఊరూరా తిరిగి పాడేవాళ్ల) విగ్రహాలు చూస్తుంటే గీతలు తానాల్లా పైకి లేస్తాయి. ఈ మాట నా సొంత పైత్యం, పరీక్షల్లో రాయకండి.

అడవిగాలి | మంగళవారం, ఉదయం 7:15

అంతా చదివాను. బాగుంది. ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి.

మాది ఆదిలాబాద్ వైపు. ఇదే పని మా దగ్గర వోజులు చేస్తారు. జైనూర్ మండలం ఉషేగావ్ వెళితే ఇప్పటికీ కనిపిస్తారు. గోండుల దేవుళ్లకు విగ్రహాలు, గంటలు, నగలు చేసి ఇచ్చేది తరతరాలుగా వాళ్లే. 2018లో ఈ పనికి, అంటే ఆదిలాబాద్ డోక్రాకు, భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు కాగితం వచ్చింది, మైనం ధర తగ్గలేదు.

మీరా ముఖర్జీ బొమ్మ వేలంలో కోట్లు పలుకుతుంది. అదే మైనం, అదే పుట్టమన్ను, అదే జంతికల తీగతో వోజు చేసిన ఏనుగును మేళాలో మూడు వందలకు అడిగి, రెండు వందల యాభైకి ఇవ్వమంటారు. ఆమె చేస్తే శిల్పం, వీళ్లు చేస్తే హస్తకళ. ఆమె నాలుగేళ్లు నేర్చుకుని పద్మశ్రీ అందుకున్నారు. నాలుగు వందల ఏళ్లుగా చేస్తున్నవాళ్ల పేరు బొమ్మ కింద కూడా ఉండదు, 'గిరిజన కళాకారుడు' అని ఉంటుంది. నేర్చుకోవడం అంటే ఇదేనా, లేక తీసుకోవడమా?

మునగకాడ | మంగళవారం, ఉదయం 7:40

ఈ వారం కోటా అయిపోయింది కాబట్టి నేరుగా చెబుతున్నాను. ఈ ప్రశ్న నా మనసులో కూడా ఉంది. అడిగే ధైర్యం లేకపోయింది.

తుంగభద్ర | మంగళవారం, మధ్యాహ్నం 1:20

అడవిగాలి గారూ, కోపం ఎందుకు, ఇది అడగాల్సిన ప్రశ్నే. నాకు తోచింది చెబుతాను.

1968లో ఆమెకు రాష్ట్రపతి పురస్కారం వచ్చింది. దేనికో తెలుసా? లోహపు పనిలో ఉత్తమ చేతివృత్తి నిపుణురాలిగా. మ్యూనిక్‌లో చదివిన శిల్పిని మన ప్రభుత్వం పనివాళ్ల వరుసలో నిలబెట్టింది, ఆమె నిలబడింది. శిల్పం, హస్తకళ అన్న ఆ గోడను ఆమె కట్టలేదు, ఆమె జీవితమంతా దాన్ని దాటుతూనే గడిచింది. పుస్తకాల్లో ఆ పనివాళ్ల కొలిమి కొలతల నుంచి కులదైవాల దాకా రాసి పెట్టారు. దొంగతనానికి వచ్చినవాళ్లు ఇంటి యజమాని చరిత్ర రాయరు.

ధర దగ్గర మాత్రం మీ మాట కాదనలేను. ఆమె పోయింది 1998లో. ఆ కోట్లు చాలావరకు ఆ తర్వాతి మాట, ఎవరి చేతుల్లోకి వెళుతున్నాయో మీకూ తెలుసు. అయినా ఆ అంతరం అంతరమే.

కంచరివీధి | మంగళవారం, రాత్రి 9:00

మీ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

అడవిగాలి గారూ, చేతి పని తీసుకుంటే తరిగేది కాదు. మా నాన్న పని నేను నేర్చుకోలేదు, అందుకే అది పోయింది. ఎవరైనా వచ్చి నేర్చుకుని ఉంటే కనీసం వాళ్ల దగ్గర ఉండేది. మా తాత గంటలు ఎన్ని గుళ్లలో ఉన్నాయో, ఒక్కదాని మీద ఆయన పేరు లేదు, ఇచ్చిన దాత పేరు ఉంది. పేరు లేకపోవడం మాకు కొత్త కాదు.

తుంగభద్ర గారూ, ఆమె గోడ దాటారన్నారు. ఇంకో గోడ సంగతి మీరూ మరిచారు. మా ఇంట్లో మట్టి జల్లెడ పట్టింది ఆడవాళ్లు, పేడ కలిపింది ఆడవాళ్లు, అచ్చు అలికింది ఆడవాళ్లు. పోత రోజున మాత్రం వాళ్లు కొలిమి ఛాయలకు రాకూడదు. మా మేనత్తకు అచ్చు చేతిలో పట్టుకుంటేనే ఎక్కడ చిల్లు పడుతుందో తెలిసేది. పోత పోసే రోజు ఆమె వంటింట్లో ఉండి, చప్పుడు విని ఎలా వచ్చిందో చెప్పేది. అటువంటి లోకంలోకి ఊరు కాని ఊరి నుంచి ఒక ఆడమనిషి వచ్చి కొలిమి ముందు కూర్చుంది. వాళ్లు కూర్చోనిచ్చారు. నాకు ఆమె గొప్పకంటే ఆ కూర్చోనిచ్చినవాళ్ల గొప్ప ఎక్కువగా కనబడుతుంది.

అడవిగాలి | మంగళవారం, రాత్రి 9:35

మీ మేనత్త మాట దగ్గర ఆగిపోయాను. నా కోపం మీరా గారి మీద కాదు లెండి. మూడు వందల ఏనుగును బేరమాడి కొని, దాన్ని ఆ కోట్ల బొమ్మ పక్కన పెట్టుకుని ఫొటో తీసుకునేవాళ్ల మీద.

మట్టివేళ్లు | మంగళవారం, రాత్రి 11:10

ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. కంచరివీధి గారి మేనత్త గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

నేను శిల్పం చదువుతున్నాను, మూడో ఏడు. మా కళాశాలలో పోత పోసే కొట్టం ఉంది. మొదటి ఏడాది నుంచి ఆడపిల్లలకు మట్టి పని, ప్లాస్టర్ పని ఇస్తారు. పోత రోజున మమ్మల్ని ఫొటోలు తీయమంటారు. ఎందుకని అడిగితే "మీ చున్నీ అంటుకుంటే బాధ్యత ఎవరిది" అన్నారు. చున్నీ తీసేసి, తోలు ముందుగుడ్డ కట్టుకుని వెళ్లాను. అప్పుడు "బరువు మోయలేవు" అన్నారు. కరిగిన లోహం ఉన్న మూసను ఎవరూ ఒక్కరే మోయరు, ఇద్దరు మోస్తారు. ఆ రెండో మనిషిగా కూడా రానివ్వలేదు.

మీరా ముఖర్జీ అంత పెద్ద పనులు ఒక్కరే చేసేవారా? మనుషులు ఉండేవారా? ఎక్కడ చేసేవారు?

తుంగభద్ర | బుధవారం, ఉదయం 6:30

మట్టివేళ్లూ, స్వాగతం. పోత ఎవరూ ఒంటరిగా పోయరమ్మా. కలకత్తాకు దక్షిణాన నరేంద్రపూర్ దగ్గర ఎలాచి అనే పల్లె ఉంది, ఆమె కొలిమి అక్కడే. ఆ ఊరి మనుషులే ఆమె సహాయకులు. ఆమె చేసిన మనుషులను చూస్తే ఎక్కడి వాళ్లో తెలిసిపోతుంది. వల లాగే జాలర్లు, పడవ నడిపేవాళ్లు, మగ్గం మీది నేతవాళ్లు, చెట్టు కింద పనిచేసే కమ్మరులు. కిక్కిరిసిన మినీబస్సును కూడా కంచులో పోశారు! కలకత్తా మినీబస్సు ఎక్కినవాళ్లకు అందులో శిల్పం కనిపించడం ఎంత కష్టమో తెలుసు.

ఆ పల్లె పిల్లలతో, ఆడవాళ్లతో కాంథా కుట్టు కూడా చేయించారు. పాత చీరలను పొరలు పొరలుగా వేసి పరుగు కుట్టుతో బొమ్మలు కుట్టడం కాంథా. మన బొంత చుట్టమే. ఆ కుట్టు గీతలనూ కంచు గీతలనూ పక్కపక్కన పెట్టి చూడు, ఒకే చెయ్యి. పిల్లల కథలు కూడా రాసి, తానే బొమ్మలు వేశారు.

మీ కొట్టం సంగతి వింటే ఒళ్లు మండింది. మా రోజుల్లోనూ ఇదే మాట, చున్నీకి బదులు చీర కొంగు.

గుత్తికోట | బుధవారం, ఉదయం 10:15

ఆలస్యంగా వచ్చాను, అశోకుడి పేరు కనబడగానే ఆగలేకపోయాను. కళింగ యుద్ధంలో లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, లక్ష మంది చంపబడ్డారనీ, అంతకు ఎన్నో రెట్లు మంది చచ్చారనీ అశోకుడు స్వయంగా చెప్పుకున్న శాసనం పదమూడవది. విచిత్రం ఏమిటంటే, కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ శాసనాల్లో దాన్ని చెక్కించలేదు. దెబ్బ తిన్నవాళ్ల ముందు ఆ లెక్క చదవడానికి మొహం చెల్లలేదేమో! మా గుత్తి దగ్గరి ఎర్రగుడి బండల మీద మాత్రం ఉంది. అంటే ఆ పశ్చాత్తాపాన్ని చదవాలంటే మన కర్నూలు జిల్లా రాళ్ల దగ్గరికీ రావచ్చు. పైగా ఎర్రగుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు చెక్కారు, ఎద్దు దున్నినట్టు ఒక పంక్తి ఇటూ ఒక పంక్తి అటూ...

నిదానం (నిర్వాహకుడు) | బుధవారం, ఉదయం 10:40

గుత్తికోట గారూ, ఎర్రగుడి మీద వేరే చర్చ తెరవండి, మొదట చదివేది నేనే. ఇక్కడ శిల్పి గురించి.

తుంగభద్ర | బుధవారం, మధ్యాహ్నం 2:05

నిదానం గారూ, ఒక్క నిమిషం, అది పక్కదారి కాదు. 1972 కలకత్తాను గుర్తు తెచ్చుకోండి. నక్సల్బరీ తర్వాతి ఏళ్లు, తెల్లవారితే వీధిలో కుర్రవాళ్ల శవాలు. దానికి తోడు 1971లో సరిహద్దు అవతల మారణకాండ, లక్షల్లో కాందిశీకులు. ఆ ఊళ్లో ఉన్న శిల్పి రాజుల్లోంచి ఎవరిని ఎంచుకుంది? గెలిచిన రోజునే గెలుపు మీద విరక్తి పుట్టినవాణ్ణి. ధౌలిలో చెక్కడానికి మొహం చెల్లలేదన్నారు చూడండి, ఆ మొహమే పదకొండు అడుగుల ఎత్తున కంచులో ఉంది.

పొన్నచెట్టు | బుధవారం, సాయంత్రం 5:30

నేను అడిగిందొకటి, మీరు ఇచ్చింది ఇన్ని. మా అక్కయ్యకు ఫోనులో మొత్తం చదివి వినిపించాను. జంతికల గొట్టం మాట నిజమైందని తెలిసి ఆమె ఆనందం చూడాలి. ఇక ఇంట్లో ఎవరూ ఆమె మాట కొట్టిపారేయకూడదట. శ్రీకాకుళంలో మా అమ్మమ్మగారి ఊరు కూడా ఒకప్పుడు కళింగమే కదా అని, విగ్రహం ముందు నిలబడి తీసుకున్న ఫొటోను ఆమె పెద్దదిగా వేయించుకుంటోంది.

ప్రవాసి | బుధవారం, రాత్రి 9:20

నేను కూడా పాత ఫొటోలు తిరగేశాను. తుంగభద్ర గారు చెప్పింది నిజమే, గోడ మీద మృణాళిని అనే ఉంది. ఆరేళ్లుగా అందరికీ తప్పు చెబుతున్నాను.

మట్టివేళ్లు | గురువారం, సాయంత్రం 6:45

అడవిగాలి గారూ, ఒక సాయం. సెలవుల్లో ఉషేగావ్ వెళ్లి ఒక పది రోజులు ఉండి చూడాలనుకుంటున్నాను. చూడటమే, రికార్డు చేయడానికి కాదు. నా స్నేహితురాలు కూడా వస్తుంది. వాళ్లు రానిస్తారా? ఎలా వెళ్లాలి?

అడవిగాలి | గురువారం, రాత్రి 8:10

ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు, అక్కడి నుంచి జైనూర్. జైనూర్‌లో దిగి ఎవరిని అడిగినా దారి చెబుతారు. వానాకాలంలో వద్దు, అచ్చులు ఎండవు, పనీ సరిగ్గా సాగదు. దీపావళి ముందు గోండుల దండారి పండుగ రోజుల్లోనూ వద్దు, ఊళ్లకు ఊళ్లే ఆటపాటల్లో ఉంటాయి. అయినా ఆ రోజుల్లో వెళితే మీరు చూడవలసింది కొలిమి కాదు, గుస్సాడి ఆట.

వెళ్లగానే ఫోను బయటికి తీయకండి. ముందు కూర్చోండి. పెద్దవాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే ఉండండి. రోజు కూలి పోతుంది కాబట్టి మీకు చూపించే వేళకు డబ్బు ఇస్తామని మొదటే చెప్పండి, వద్దన్నా ఇవ్వండి. బొమ్మ కొంటే చెప్పిన ధరకే కొనండి. చేసినవాళ్ల పేరు అడిగి రాసుకోండి.

కంచరివీధి | గురువారం, రాత్రి 8:55

అమ్మాయీ, కిలో తేనెమైనం నా తరఫున తీసుకువెళ్లు, చిరునామా నిర్వాహకుడి ద్వారా పంపు. బజారులో కొనేటప్పుడు కొవ్వొత్తి మైనం అంటగడతారు, జాగ్రత్త. తేనెమైనం అయితే నోట్లో వేసుకుని నమిలితే పంటికి అంటుకోదు, ముక్కలవ్వదు. కొలిమి దగ్గర గాలి ఎటు వీస్తుందో చూసుకుని, పొగకు ఎదురుగా కాకుండా కూర్చో. తిరగేసే వేళ అడ్డంగా నిలబడకు. మూత పగిలితే ఎటు దూకాలో ముందే చూసి పెట్టుకో.

మట్టివేళ్లు | గురువారం, రాత్రి 9:02

సరే బాబాయిగారూ. ఒకవేళ పట్టకారు రెండో కొస పట్టుకోమంటే?

కంచరివీధి | గురువారం, రాత్రి 9:04

పట్టుకో. ముందు చేతి గాజులు తీసెయ్యి.